ఆధార సూచికల చరిత్ర: పుట్టని పండితుడు, పోయిన ఇంటిపేరు

వైద్యశాస్త్ర రచనలలో సుమారు యాభై సంవత్సరాలు ‘ఓ. ఊప్లవిత్సి’ అనే రచయిత పేరు కనిపిస్తూ వచ్చింది. అమీబా వలన కలిగే రక్త విరేచనాలను గూర్చి 1887లో వ్రాసిన పరిశోధకుడుగా అతనిని ఉటంకించేవారు. అతడు పుట్టలేదు, చదువుకోలేదు, ఏమీ వ్రాయలేదు. చెక్ భాషలో ‘ఓ ఊప్లవిత్సి’ అంటే ‘రక్త విరేచనాలను గూర్చి’ అని అర్థం. అది వ్యాసం పేరు. ఆ వ్యాసాన్ని వ్రాసినవాడు ప్రాగ్ నగరానికి చెందిన వైద్య పండితుడు యారొస్లావ్ హ్లావా.

ఈ పొరపాటు ఎలా జరిగిందో తెలిసికొంటే, ఆధార సూచికలకు ఇన్ని నియమాలు ఎందుకు వచ్చాయో కొంత బోధపడుతుంది. హ్లావా వ్యాసం చెక్ వైద్య పత్రికలో వెలువడిన సంవత్సరమే కార్టూలిస్ అనే వైద్యుడు ఒక జర్మన్ పత్రికకు దాని సంగ్రహాన్ని అందించాడు. ఆ సంగ్రహం శిరోభాగంలో రచయిత పేరు ఉండవలసిన చోట వ్యాసం పేరు చేరింది. చెక్ భాష తెలిసిన పాఠకులు తక్కువ. మూల వ్యాసాన్ని చేతబట్టి చూచినవారు ఇంకా తక్కువ. తరువాత వ్రాసినవారు సంగ్రహాన్ని చూచి పేరు ఎక్కించుకున్నారు, వారిని చూచి మరికొందరు ఎక్కించుకున్నారు. చివరకు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు క్లిఫర్డ్ డోబెల్ 1938లో ‘పారాసిటాలజీ’ అనే పత్రికలో సంగతి బయటపెట్టాడు. మరణించిన పండితునికి వేసినట్లు, ఊప్లవిత్సి పేరు ప్రక్కన 1887–1938 అని ఆయుష్కాలం కూడా వేశాడు! హ్లావా అప్పటికి జీవించి లేడు. తన శ్రమ మరొక పేరున చెల్లుబాటు కావడం ఆయన బ్రతికినంత కాలం సాగింది.

ఇందులో నియమం తప్పింది ఒక్కచోటనే. ఏది రచయిత పేరు, ఏది శీర్షిక అన్నది అక్షరాల వరుసను బట్టి పాఠకునికి తెలియాలి. పేరు ముందు, శీర్షిక తరువాత, పత్రిక పేరు, సంపుటం, పుట అంటూ మనం పాటించే వరుస కేవలం అలంకారం అని కొందరు విద్యార్థులు తలుస్తారు. పరాయి భాషలో ఉన్న సూచికను అర్థం తెలియకుండానే సరిగా చదవగలగడానికి ఆ వరుస ఒక్కటే దిక్కు.

మూలాన్ని చూపించే పద్ధతులు విజ్ఞాన పత్రికలకంటె చాలా పాతవి. బైబిలు గ్రంథానికి నేడున్న అధ్యాయ విభజన 13వ శతాబ్దపు స్టీఫెన్ లాంగ్టన్ పేరున చెప్పబడుతుంది. క్రొత్త నిబంధన గ్రీకు ముద్రణలో 1551లో రాబర్ట్ ఎస్తియెన్ వచన సంఖ్యలు వేశాడు. అతని కుమారుడు హెన్రీ 1578లో అచ్చువేసిన ప్లేటో గ్రంథాల పుట సంఖ్యలతోనే నేటికీ పండితులు ప్లేటోను ఉటంకిస్తున్నారు. ఇవి ముద్రణ మారినా, భాష మారినా చెడని గుర్తులు. విజ్ఞాన పత్రికకు అటువంటి వసతి లేదు. 1665లో లండన్, పారిస్ నగరాలలో తొలి పత్రికలు వెలువడిన నాటినుండి సంపుటం, పుట అనే రెండు అంకెలే ఆధారం. ఒక్క అంకె తారుమారైతే వ్యాసం దొరకదు.

ఇప్పుడు ‘హార్వర్డ్ పద్ధతి’ అని పిలువబడే దానికి తొలి రూపం 1881 నాటిది. హార్వర్డ్ జంతుశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్, తోటలలో తిరిగే ఒక జాతి గుల్లలేని నత్త అండాభివృద్ధిని గూర్చి దీర్ఘమైన వ్యాసం ప్రచురించాడు. దాని 194వ పుటలో రచయిత పేరు, సంవత్సరం కుండలీకరణాలలో వాక్యం మధ్యనే ఇచ్చాడు. పూర్తి వివరాలు చివరి పట్టికలో ఉంటాయి. ఈ సంగతిని తవ్వి తీసి 1988లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసినవాడు ఎలై చెర్నిన్. అప్పటివరకు ఆ పేరు ఎక్కడనుండి వచ్చిందో ఆ పద్ధతిని వాడేవారికే స్పష్టంగా తెలియదు! ఆధారాలు చూపే పద్ధతికే ఆధారం లేకపోవడం మాకు కొంత నవ్వు తెప్పించింది.

రెండవ ప్రధాన పద్ధతి సంపాదకుల అవసరంలోనుండి పుట్టింది. ఒక పత్రిక తిరస్కరించిన వ్యాసాన్ని వేరొక పత్రికకు పంపాలంటే సూచికలన్నీ మళ్లీ టైపు చేయవలసి వచ్చేది. 1978 జనవరిలో కొన్ని వైద్య పత్రికల సంపాదకులు కెనడాలోని వాంకూవర్‌లో సమావేశమై ఉమ్మడి నియమాలకు అంగీకరించారు. అవి 1979లో వెలువడ్డాయి. ఇందులో వాక్యంలో అంకె మాత్రమే ఉంటుంది, పట్టిక ఆ అంకెల వరుసలో నడుస్తుంది. అచ్చులో చోటు మిగులుతుంది. అయితే చివరి క్షణంలో మధ్యన ఒక ఆధారం చేరిస్తే తరువాతి అంకెలన్నీ జరుగుతాయి. కంప్యూటరు లేని రోజులలో ఆ కష్టం పడినవారికే తెలుసు. పేరు, సంవత్సరం పద్ధతిలో ఆ బాధ లేదు, కాని ఒక్కొక్క వాక్యం పేర్ల బరువుతో కుంటుతుంది. ఏది మేలు అన్న వాదం అనవసరం అని మా అభిప్రాయం. ఒకే వ్యాసంలో రెండూ కలిపితేనే చిక్కు.

ఈ రెండు పద్ధతులూ ఒక విషయం ముందే అనుకొన్నాయి: ప్రతి మనిషికీ చివర కుటుంబ నామం ఉంటుందని. తెలుగువారికి ఇంటిపేరు ముందు ఉంటుంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే విధానాన్ని 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో ప్రచురించారు. జీవరసాయన శాస్త్రంలో అది ఎంతో ఉటంకించబడిన వ్యాసం. సూచికలలో ఆయన ‘సుబ్బారావు వై.’ అయ్యారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కుటుంబ నామమైంది, యల్లాప్రగడ వంశం ఒక్క అక్షరమైంది. సంఖ్యాశాస్త్రజ్ఞుడు కల్యంపూడి రాధాకృష్ణారావు విషయం మరీ కష్టం. 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో ఆయన వ్రాసిన వ్యాసాన్ని వెదకాలంటే ‘రావు సి. ఆర్.’ అని చూడాలి. ‘రావు’ ఇంటిపేరు కాదు, గౌరవ సూచకం. ఆ పదం క్రింద సూచికలో వేలకొలది మంది చేరతారు. ఒక రావు వ్రాసినది మరొక రావు ఖాతాలో పడినా ఎవరికీ తెలియదు.

2000 సంవత్సరం నుండి వ్యాసాలకు విరివిగా ఇవ్వబడుతున్న డి.ఓ.ఐ. సంఖ్య, 2012లో మొదలైన పదహారు అంకెల ఆర్కిడ్ గుర్తింపు ఈ చిక్కును కొంత తీర్చాయి. ఆర్కిడ్ రచయితను పేరుతో నిమిత్తం లేకుండా గుర్తిస్తుంది. కాని అంతకుముందు గతించినవారికి అది అందదు. సుబ్బారావు 1948లోనే మరణించారు.

మా వద్దకు వచ్చే వ్యాసాలలో మేము తరచు చూచే లోపం వేరొకటి కాదు, ఊప్లవిత్సి లోపమే. విద్యార్థి మూలాన్ని చూడడు, చూచినవాని సూచికను మాత్రం చూచినట్లు ఎక్కిస్తాడు. మొదటివాడు పుట తప్పు వేసి ఉంటే అదే పుట ఇక్కడ ప్రత్యక్షమవుతుంది. కాబట్టి మూలాన్ని స్వయంగా చూడనప్పుడు, ఏ గ్రంథంలో చూచారో ఆ గ్రంథం పేరే వ్రాసి, అందులో పేర్కొన్నట్లు అని స్పష్టంగా చెప్పవలసిందిగా కోరుతున్నాము. తెలుగు రచయితల ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించకుండా పూర్తిగా ఇవ్వండి. పట్టికలో ఒక పంక్తి పెరిగితే పెరగనివ్వండి, ఆ చోటు మేము చూచుకుంటాము.