బళ్లారి కలెక్టరు, అరిగిన కంచు కాసులు

పన్నెండవ శతాబ్దిలో కల్యాణి చాళుక్యుల సామంతులైన సిందరాజులకు ఆటపట్టైన, బళ్లారి దగ్గరి కురుగోడు అంతకు వేయేళ్ల ముందు శాతవాహనుల ఏలుబడిలోని సీమకు చెందింది. ఆదోని దగ్గరి మ్యాకదోని శాసనం ఆ సీమను సాతవాహనిహారమనీ, అంటే ఆ పేరు గల పాలనా విభాగమనీ పేర్కొంటుంది. ఈ సీమకు దక్షిణాన చంద్రవల్లిలో ఆగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల వెండి దీనారాలు దొరకగా, తూర్పున నంద్యాలలో 1932లో రోమను బంగారు నాణేల నిధి బయటపడింది. ఇవి తొలి శతాబ్దాల వాణిజ్యానికి సాక్ష్యాలు. నాలుగు, ఐదు శతాబ్దాల రోమను కంచు చిల్లర మాత్రం కరూరు, మదురై, సింహళాల్లోనే విరివిగా కనిపిస్తుంది.

ఆ చిల్లర గురించి లోతుగా ఆలోచించిన తొలి పండితుల్లో రాబర్ట్ సూయెల్ ఒకడు. బళ్లారి కలెక్టరుగా పనిచేసి, 1900లో విజయనగర చరిత్రను ప్రకటించిన ఈయన, 1904లో భారతదేశంలో దొరికిన రోమను నాణేలపై సుదీర్ఘ వ్యాసం రాశాడు. మదురై ప్రాంతపు రాగి కాసులు బాగా అరిగి ఉండటాన్ని బట్టి అవి రోజువారీ బేరాల్లో చేతులు మారినవని ఆయన భావించాడు. ఇంతవరకు తర్కం గట్టిదే. అక్కడ రోమనులు స్థిరపడి ఉంటారన్న ఊహ మాత్రం అంత గట్టిది కాదు, ఎందుకంటే నాణెం చెలామణి కావడానికి దాన్ని అచ్చువేసిన జాతివారు పక్కన కాపురం ఉండనక్కరలేదు.

ఇలాంటి కాసును పోల్చుకోవడంలో చక్రవర్తి ముఖం పెద్దగా ఆదుకోదు. కాన్‌స్టాంటైన్ కుమారుల ముఖాలు ఒకే మూసలో ఉంటాయి, అరిగాక అసలు తేడా తెలియదు. అందుకే పరిశీలకుడు ముందు కొలత చూసి (17 మిల్లీమీటర్లకు లోపు ఉన్నది నాలుగో తరగతి, అన్నిటికన్నా చిన్నది), తర్వాత నాణెం తిప్పి వెనుక బొమ్మను పట్టించుకుంటాడు. ఇద్దరు సైనికుల నడుమ రెండు ధ్వజాలుంటే 330–335 నాటిది, ఒక్కటే ఉంటే 335–341 నాటిది. గుర్రం మీద నుంచి కూలుతున్న శత్రువును ఈటెతో పొడిచే సైనికుడుంటే, అది మంచికాలం మళ్లీ వచ్చిందని చాటుతూ 348లో మొదలైన వరుసకు చెందుతుంది. విజయదేవత బందీని ఈడ్చుకుపోతుంటే, 388 తర్వాతి దశాబ్దాలను చూడాలి. చుట్టూ ఉన్న అక్షరాలు ఒకటీ మిగలకపోయినా బొమ్మే కాలాన్ని పట్టిస్తుంది. బొమ్మ కింద గీతకు దిగువన ఉండే పొట్టి అక్షరాలు టంకశాలను, అంటే నాణెం అచ్చైన ఊరిని తెలుపుతాయి. దక్షిణాదిన దొరికినవాటిలో అలెగ్జాండ్రియా, అంతియొకియ, కాన్‌స్టాంటినోపుల్ వంటి తూర్పు టంకశాలల నాణేలే ఎక్కువ. ఎర్రసముద్రపు దారిని తలచుకుంటే ఇందులో ఆశ్చర్యం లేదు.

చిక్కంతా అనుకరణలతో వస్తుంది. సింహళంలోనూ తమిళ తీరంలోనూ స్థానికులు ఈ బొమ్మలను చూసి పోసిన, కొట్టిన కాసుల్లో అక్షరాలు అర్థంలేని గీతలుగా మారతాయి, బరువు ఒక గ్రాముకు దిగుతుంది. వీటిని రోమను పట్టికలో కలిపేస్తే తేదీ తప్పుతుంది గనుక వేరుగా లెక్కించాలి. అసలు నాణేల విషయంలోనూ అచ్చైన ఏడు ఇక్కడికి చేరిన ఏడు కాదు. పాతబడిన చిల్లర కొత్త చిల్లరతో కలిసి మరికొన్ని దశాబ్దాలు చెలామణి అయ్యేది.