బంపర్ సొట్ట - ఆరు వేల చరిత్ర

సిగ్నల్ దగ్గర కారుకి కారు తగిలితే మనవాళ్ళు ఇన్సూరెన్స్ కాగితాలు తియ్యరు, చొక్కా చేతులు మడతపెడతారు. కాసేపు అరుచుకుని, ఓ రెండు వేలు చేతులు మారాక ఎవరి దారి వాళ్ళది. ఇది మన క్రమశిక్షణ లోపం అంటారు చాలామంది. నాకైతే చట్టం పాత్రే ఎక్కువనిపిస్తుంది.

1939 మోటారు వాహనాల చట్టం కింద థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి అయింది 1946లో. అదీ మనిషికి దెబ్బ తగిలితేనే, బండికి కాదు. (బ్రిటన్‌లోనూ ఆస్తినష్టాన్ని తప్పనిసరి చేసింది 1988 చివర్లోనే!) మన దగ్గర 1969 సవరణతో ఆస్తినష్టం చేరింది, రెండు వేల పరిమితితో. 1982లో అది ఆరు వేలయ్యింది. 1988 చట్టంలో మనుషుల విషయంలో పరిమితి ఎత్తేశారు గానీ ఈ ఆరు వేలని అలాగే ఉంచేశారు. 2019 సవరణ దాకా అదే అంకె. పాత కోడ్‌లో ఎవరూ ముట్టుకోని కాన్‌స్టంట్ లాగా :)

పోనీ అవతలివాడి ఇన్సూరెన్స్ నుంచి రాబట్టుకుందామా అంటే ట్రిబ్యునల్‌కి వెళ్ళాలి, వాయిదాలకి సెలవులు పెట్టాలి. సొంత పాలసీ వాడితే, తప్పు మనది కాకపోయినా, నో క్లెయిమ్ బోనస్ గోవిందా. అయిదేళ్ళు కూడబెట్టుకున్న 50 శాతం అది! అందుకే రోడ్డు మీద బేరమాడేవాణ్ణి నేను తప్పుపట్టలేను. కాకపోతే ఆ బేరంలో తప్పెవరిదో తేల్చేది గొంతు. వెనకనుంచి గుద్దింది కారే అయినా, ఆటో అతను జేబులోంచి డబ్బు తీసివ్వడం నేను చూశాను.