ఈ-పుస్తక పఠన సాధనాల ఎంపిక : తెలుగు పాఠ్యరూపాల ప్రభావం

ఉపోద్ఘాతం

ఈ-పుస్తకాలు చదివే సాధనాన్ని ఎంచుకొనేటప్పుడు ధర, బరువు, బ్యాటరీ మన్నిక ప్రమాణాలుగా నిలవడం సాధారణం. తెలుగు పాఠకుని విషయంలో వీటన్నిటికంటె ముందు తేలవలసిన ప్రశ్న మరొకటి ఉంది: కావలసిన పుస్తకం ఏ రూపంలో నిక్షిప్తమై ఉంది? సాధనాల చరిత్రను, తెలుగు పాఠ్యరూపాల చరిత్రను కలిపి పరిశీలించినప్పుడే ఎంపికలోని చిక్కు బోధపడుతుంది.

సాధనాల పరిణామం

1998లో అమెరికాలో రాకెట్ ఈబుక్, సాఫ్ట్‌బుక్ అనే ప్రత్యేక పఠన సాధనాలు వెలువడ్డాయి. అంతకు ముందు సంవత్సరమే మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జరిగిన పరిశోధనల ఫలితంగా ఈ ఇంక్ సంస్థ ఏర్పడింది. ఈ సంస్థ రూపొందించిన తెరలో సూక్ష్మగుళికలు ఉంటాయి. వాటిలోని తెలుపు, నలుపు రేణువులు విద్యుత్ ప్రభావంతో పైకీ కిందికీ కదిలి అక్షరాకృతిని కల్పిస్తాయి. పుట మారినప్పుడే ఈ తెరకు విద్యుత్తు అవసరం. చదవడానికి అది కాగితంలాగే పరిసరాల వెలుతురుపై ఆధారపడుతుంది. 2004లో జపానులో వచ్చిన సోనీ లిబ్రియే, 2007 నవంబరులో వచ్చిన అమెజాన్ కిండిల్ ఈ మార్గంలోనివే. 2010లో వెలువడిన ఐప్యాడ్ మాత్రం స్వయంగా వెలిగే పెద్ద రంగుల తెరను పాఠకుని ముందుంచింది.

తెలుగు పాఠ్యరూపాలు

తెలుగు పుస్తకాలు తెరపైకి మూడు రూపాల్లో చేరాయి.

మొదటిది పుటల ఛాయాచిత్రం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారా అందివచ్చిన పాత తెలుగు ముద్రణలు ఈ కోవకు చెందుతాయి. తొలి కిండిల్ తెర కర్ణం 6 అంగుళాలు. దాని వెడల్పు సుమారు 3.6, ఎత్తు 4.8 అంగుళాలు. డెమ్మీ 1/8 సైజు పుట 5.5 × 8.5 అంగుళాలు. ఆ పుట మొత్తం ఈ తెరపై ఇమడాలంటే అక్షరం దాదాపు సగానికి కుంచించుకుపోతుంది. అంగుళానికి 167 చుక్కలే ఉన్న ఆ తెరపై వత్తులను, గుణింతపు గుర్తులను పోల్చుకోవడం కష్టం. 2015 నాటి పేపర్‌వైట్‌లో చుక్కల సంఖ్య 300కు పెరిగి స్పష్టత హెచ్చినా, తెర కొలత మారలేదు.

రెండవది డీటీపీలో వాడే అను వంటి ఫాంట్ల సంకేతాలలో నిలిచిన పాఠ్యం. అచ్చుకు ఇది సరిపోయింది. ఆ ఫాంటు లేని సాధనంలో మాత్రం ఇది అర్థరహితమైన గుర్తులుగా కనిపిస్తుంది. అందువల్ల ఇటువంటి పుస్తకాలు పీడీఎఫ్ రూపంలోనే పాఠకులకు చేరవలసివచ్చింది.

మూడవది యూనికోడ్. 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగుకు స్థానం లభించింది. అయితే సంకేతం ఉన్నంత మాత్రాన అక్షరం కనబడదు. 'స్త్రీ' అనే పదం యూనికోడ్‌లో 6 సంకేతాల వరుస. వాటిని ఒక్క అక్షరంగా కూర్చే పని సాధనంలోని సాఫ్ట్‌వేరుది. ఆ ఏర్పాటు లేని సాధనం వత్తులను విడగొట్టి, పొల్లు గుర్తులతో చూపుతుంది. 2016 డిసెంబరులో కిండిల్ 5 భారతీయ భాషల పుస్తకాలను అందుబాటులోకి తెచ్చినప్పుడు ఆ జాబితాలో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు.

ఎంపిక ప్రమాణాలు

యూనికోడ్ ఈపబ్‌లో పాఠ్యం తెరకు తగినట్లు సర్దుకొంటుంది, పదాన్వేషణ సాధ్యమవుతుంది. దీర్ఘకాల పఠనానికి, తెలుగును సరిగా చూపగలిగితే, చిన్న ఎలక్ట్రానిక్ సిరా తెర చాలు. కాని అక్షర పరిమాణం మారినకొద్దీ పుటల విభజన మారుతుంది కనుక ముద్రిత ప్రతి పుటసంఖ్యను ఉదాహరించడానికి అది నమ్మదగిన ఆధారం కాదు. పాఠాంతరాలను, తొలి ముద్రణను సరిచూసే పరిశోధకునికి పుటల ఛాయాచిత్రమే ప్రమాణం. దానికి 10 అంగుళాలకు తగ్గని తెర అనుకూలం.

ముగింపు

కనుక తెలుగులో సాధనం ఎంపిక పుస్తకం రూపాన్నీ, పఠన ప్రయోజనాన్నీ అనుసరించి జరగాలి. ఏ సాధనమైనా కొన్నేళ్లకు మూలపడుతుంది. ఒక ఫాంటుకో, ఒక సంస్థ సాధనానికో కట్టుబడిన పాఠ్యం దానితోపాటే చదవరానిదవుతుంది. పుట ఛాయాచిత్రాన్ని, సరిచూసిన యూనికోడ్ పాఠాన్ని జతగా భద్రపరచినప్పుడు, సాధనాలు ఎన్ని మారినా తెలుగు పుస్తకం నిలుస్తుంది.