గోల్కొండ నుంచి గోల్‌కోఁద్ దాకా

పాండిచ్చేరిలో అరవిందాశ్రమం వారి వసతి గృహం ఒకటి ఉంది. దాని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చూసి ‘గోల్కొండే’ అని చదువుతాం. అది ఫ్రెంచి మాట. చివరి అచ్చు పలకదు. మధ్యలో సున్న నిండుగా మోగకుండా ముక్కులోకి జారుతుంది. మనకు ఒకప్పుడు అరసున్న ఉండేది కాబట్టి ఆ పలుకును గోల్‌కోఁద్ అని రాసుకోవచ్చు. తెలుగు కొండలోని ‘డ’ అక్కడ ‘ద’ అయింది, పూర్ణబిందువు అరసున్న అయింది, చివరి అచ్చు రాలిపోయింది. అంతకు మించి మాట చెక్కు చెదరలేదు. అది మన గోల్కొండే.

మన నోట్లో కూడా ఆ మాట ఒక్క తీరుగా ఉండలేదు. గొల్లకొండ అన్నదే మూలమని, పశువులు కాసే గొల్లపిల్లవాడికి ఆ గుట్ట మీద విగ్రహం దొరికిందని ఊళ్లో చెప్పే కథ. కథ సంగతి ఎలా ఉన్నా, ధ్వని మారిన తీరు తెలుగుకు కొత్తేమీ కాదు: జంట లకారం సడలింది, పోయిన మాత్రను ముందున్న అచ్చు తీసుకుని దీర్ఘమైంది. గొల్ల వెళ్లిపోయి ‘గోల్’ మిగిలింది. సుల్తానులు కోటకు మహమ్మద్‌నగర్ అని పేరు పెట్టుకున్నా అది నిలవలేదు.

ఆ తర్వాత మాటకు వజ్రాలు అంటుకున్నాయి. నిజానికి గోల్కొండలో గని లేదు. తవ్వింది కృష్ణ ఒడ్డున కొల్లూరులో, పరిటాల వైపు. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే కొల్లూరు వెళ్లి, అరవై వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. రాళ్లు చేతులు మారింది మాత్రం కోట బజారులో. అందుకే యూరప్ నిఘంటువుల్లో గోల్కొండ అంటే తరగని సంపద అనే అర్థంతో నామవాచకమై కూర్చుంది, కొల్లూరుకు అందులో చోటు లేదు. అమ్మిన చోటు పేరు నిలిచింది, చెమటోడ్చి తవ్విన చోటు పేరు నిలవలేదు. ఇది నాకు న్యాయంగా తోచదు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్లలో ఉంది.

పాండిచ్చేరి భవనానికి ఈ పేరు రావడానికి కారణం డబ్బు. అరవిందులంటే గౌరవమున్న సర్ అక్బర్ హైదరీ నిజాం ప్రభుత్వంలో పెద్ద హోదాలో ఉండేవారు. ఆయన చొరవతో హైదరాబాదు నుంచి విరాళం వచ్చింది. ఆశ్రమాన్ని నడిపిన శ్రీమాత పారిస్‌లో పుట్టి పెరిగినవారు. దాత ఊరిని, ఫ్రెంచిలో అప్పటికే స్థిరపడిన సంపద అనే అర్థాన్ని కలిపి ఒక్క మాటలో కృతజ్ఞత చెప్పారు. ఇంతకన్నా పొదుపైన శిలాఫలకం ఉండదు.

చిత్రమేమిటంటే, వజ్రాల పేరు పెట్టుకున్న ఆ ఇంట్లో మెరిసే నగిషీ ఒక్కటీ లేదు. 1925లో పారిస్‌లో అలంకరణ కళల మహాప్రదర్శన జరిగింది. ఆర్ట్ డెకో అనే పేరు తర్వాత దాన్నుంచే పుట్టింది. బొంబాయి సినిమా హాళ్లు, మెరైన్ డ్రైవ్ మేడలు ఆ వరుసలోవే. దానికి ఎదురుగా ఇంకో వరుస ఉండేది. అలంకారం నేరమన్నంత దూరం పోయిన వియన్నా వాస్తుశిల్పి అడాల్ఫ్ లోస్ దాని పెద్దల్లో ఒకడు. గోల్‌కోఁద్ ఈ రెండో వరుసలో నిలుస్తుంది, కాకపోతే వాదానికి దిగకుండా.

గీసినవాడు ఆంటొనిన్ రేమండ్, చెక్ దేశంలో పుట్టినవాడు. ఫ్రాంక్ లాయిడ్ రైట్‌తో టోక్యో ఇంపీరియల్ హోటల్ పనికి వెళ్లి జపాన్‌లోనే స్థిరపడ్డాడు. ఆయన కింద పనిచేసినవాళ్లు ఇద్దరు: లె కొర్బూజియే దగ్గర పనిచేసి వచ్చిన ఫ్రాంటిషెక్ సామెర్, తర్వాతి రోజుల్లో అమెరికాలో కర్రపనికి పేరెన్నికగన్న జార్జ్ నకషిమా. నకషిమా పనికి వచ్చి శిష్యుడై సుందరానంద అన్న పేరు పొందాడు. 1937లో మొదలైన పని యుద్ధం నడుస్తుండగా 1940ల్లోకి సాగింది. కొర్బూజియే రూపుదిద్దిన చండీగఢ్‌కు పదేళ్లకు పైగా ముందు సంగతి ఇది. మన దేశంలో ఉక్కు చువ్వలతో పోసిన కాంక్రీటును దాచకుండా చూపిన తొలి ఆధునిక భవనాల్లో ఇదొకటి.

ఈ ఇంటి గొప్ప అంతా గాలిలో ఉంది. పొడవాటి గోడలు ఉత్తర దక్షిణాలకు తిరిగి ఉంటాయి. నిజానికి అవి గోడలు కావు. అడుగు నుంచి పైదాకా అడ్డంగా అమర్చిన పలకలు, ఇత్తడి పిడి తిప్పితే తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. గాజు కిటికీ లేదు. ఎండ ఆగుతుంది, గాలి ఆగదు. గది తలుపులు టేకు చట్రాలవి, పక్కకు జరుగుతాయి. మూసినా సందుల్లోంచి గాలి పోతుంది, మనిషి మాత్రం కనిపించడు. కప్పు మీద వంపు తిరిగిన కాంక్రీటు పెంకులు ఇంకో పొర, మధ్యలో ఖాళీ. పాండిచ్చేరి ఉక్కను ఎదుర్కొన్న ఉపాయమది. ఈ రోజుల్లో అద్దాల మేడలు కట్టి లోపల ఏసీలు బిగించుకునే మనకు చాలా కాలం ముందే చెప్పిన సమాధానం.

నేల నల్లగా మెరుస్తుంది. అది కడప రాయి. కడప అంటే గడప. తిరుమల కొండకు గడపగా ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. ఆ మాట కూడా ఊరు దాటి పోయింది. బొంబాయి వంటిళ్లలో ‘కడప్పా’ అంటే ఊరు కాదు, పొయ్యి పెట్టే నల్ల బండ. ఒకే ఇంట్లో రెండు తెలుగు ఊర్ల పేర్లున్నాయి: ఒకటి పైన పేరుగా, ఒకటి కాళ్ల కింద రాయిగా. ఒకటి ధనమనే అర్థంతో వెళ్లింది, రెండోది తన బరువుతోనే వెళ్లింది. నాకు రెండోదే నిజాయితీగల మాట అనిపిస్తుంది.

అదే కాలంలో సొంతింట్లో గోల్కొండ ఇంకో పని చేస్తోంది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారు పెట్టిన పత్రిక పేరు గోల్కొండ. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మందితో వెలువడిన సంచిక పేరు గోల్కొండ కవుల సంచిక. అక్కడ ఆ మాటకు వజ్రం అర్థం కాదు, ఆత్మగౌరవం. 1953లో బెల్జియం చిత్రకారుడు మగ్రిత్ టోపీలు పెట్టుకున్న మగవాళ్లు ఆకాశంలో వేలాడే బొమ్మ వేస్తే, మిత్రుడు, కవి స్కుటెనేర్ దానికీ ఇదే పేరు పెట్టాడు. ఆ బొమ్మ ఇప్పుడు హ్యూస్టన్‌లోని మెనిల్ సంగ్రహంలో ఉంది. అక్కడి తెలుగువారు ఎంతమంది దాన్ని తమ ఊరి పేరుగా చదివారో!

పాండిచ్చేరి వెళ్తే ఆ ఇంటిని చూడండి. మనుషులు ఉండే చోటు కాబట్టి లోపలికి వెళ్లాలంటే ముందుగా ఆశ్రమాన్ని అడగాలి. పేరును మాత్రం ‘గోల్కొండే’ అనకండి. ఫ్రెంచి పలుకు నోరు తిరగకపోతే గోల్కొండ అనండి, తప్పేమీ లేదు.