నీరు–సిమెంటు నిష్పత్తి: చరిత్ర

కాంక్రీటు మిశ్రమంలో కలిసిన నీటి బరువును సిమెంటు బరువుతో భాగించగా వచ్చే విలువను నీరు–సిమెంటు నిష్పత్తి అంటారు. 50 కిలోల సిమెంటు బస్తాకు 25 లీటర్ల నీరు పోస్తే ఈ నిష్పత్తి 0.50 అవుతుంది, తడి ఇసుకలో ఉన్న నీటిని సైతం ఈ లెక్కలోనే చేర్చాలి. కాంక్రీటు గట్టిదనం, మన్నిక ప్రధానంగా ఈ నిష్పత్తిపైనే ఆధారపడతాయన్న సూత్రం 20వ శతాబ్ది ఆరంభ దశాబ్దాల్లో స్థిరపడింది. అంతకుముందు నిర్మాతల అన్వేషణ ఎక్కువగా బంధక పదార్థం చుట్టూనే సాగింది.

సున్నం నుంచి సిమెంటుకు

రోమన్లు సున్నంలో నేపుల్స్ అఖాత తీరాన దొరికే అగ్నిపర్వత ధూళిని కలిపి, నీటిలో కూడా గట్టిపడే కాంక్రీటును తయారుచేశారు. క్రీ.శ. 2వ శతాబ్దిలో హేడ్రియన్ చక్రవర్తి కాలంలో పూర్తయిన రోమ్‌లోని పాంథియన్ గుమ్మటం, సుమారు 43 మీటర్ల వ్యాసంతో, ఇనుప ఊచల ఆధారం లేకుండా నేటికీ నిలిచి ఉంది. ఇంగ్లండులో ఎడిస్టన్ దీపస్తంభాన్ని 1756–59 మధ్య నిర్మించిన జాన్ స్మీటన్, బంకమట్టి కలిసిన సున్నపురాయిని కాల్చితే వచ్చే సున్నమే నీటిలో గట్టిపడుతుందని పరీక్షల ద్వారా గుర్తించాడు. లీడ్స్ నగరానికి చెందిన తాపీ పనివాడు జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందగా, ముడిపదార్థాలు కొంతమేర కరిగి క్లింకర్ అనే గడ్డలుగా మారేంత వేడిమికి బట్టీలను చేర్చిన తరువాత, 1840ల నుంచి నేటి సిమెంటుకు దగ్గరి రూపం ఏర్పడింది. ఈ వేడిమి సుమారు 1450 డిగ్రీల సెల్సియస్.

నీటి పాత్ర

కాంక్రీటు ఆరడం వల్ల గట్టిపడదు. సిమెంటులోని కాల్షియం సిలికేట్లు నీటితో రసాయనికంగా కలిసి, కంకరను, ఇసుకను అంటిపెట్టుకునే జిగురువంటి పదార్థంగా మారడం వల్ల గట్టిపడుతుంది. ఈ చర్యను జలయోజనం అంటారు. దీనిలో రసాయనికంగా బంధితమయ్యే నీరు సిమెంటు బరువులో దాదాపు నాలుగో వంతు మాత్రమే కాగా, మరికొంత నీరు ఆ జిగురులోని అతిసూక్ష్మ రంధ్రాల్లో నిలుస్తుంది. ఇంతకు మించి పోసిన నీరు మొదట మిశ్రమాన్ని పలచన చేసి పనిని సులభం చేసినా, క్రమంగా ఆవిరై తన చోట ఖాళీలను వదిలిపోతుంది. గట్టిదనాన్ని తగ్గించేవీ, ఉప్పునీటిని లోపలి ఊచల దాకా చేరనిచ్చి తుప్పుకు దారితీసేవీ ఈ ఖాళీలే.

సూత్రం, కొలమానం

ఫ్రాన్సుకు చెందిన రెనె ఫెరె 1890లలో గట్టిదనానికీ, మిశ్రమంలో నీరు, గాలి ఆక్రమించే చోటుకూ గల సంబంధాన్ని సమీకరణంగా చూపాడు. షికాగోలోని లూయిస్ ఇన్‌స్టిట్యూట్ ప్రయోగశాలలో విస్తృతంగా పరీక్షలు జరిపిన డఫ్ ఏబ్రమ్స్, పని చేయడానికి వీలైన మిశ్రమాల్లో నీరు–సిమెంటు నిష్పత్తి పెరిగేకొద్దీ గట్టిదనం తగ్గుతుందని 1918లో ప్రకటించాడు.

మిశ్రమం ఎంత పలచగా ఉందో పనిచోటనే తెలుసుకోవడానికి స్లంప్ పరీక్ష వాడుకలోకి వచ్చింది. 300 మిల్లీమీటర్ల ఎత్తు, అడుగున 200, పైన 100 మిల్లీమీటర్ల వ్యాసం గల లోహపు అచ్చులో కాంక్రీటును పొరలుగా నింపి, ఒక్కో పొరను ఊచతో 25 సార్లు పొడిచి, అచ్చును నిటారుగా పైకి తీయగానే ముద్ద ఎంత కిందికి జారిందో కొలుస్తారు. ఒకే దినుసులతో, ఒకే కొలతలతో సాగే పనిలో ఈ జారుడు హఠాత్తుగా పెరిగితే నీరు ఎక్కువైందని అనుమానించాలి.

భారతీయ ప్రమాణాలు, ఆచరణ

భారతీయ ప్రమాణం ఐఎస్ 456 మొదట 1953లో వెలువడింది. ఊచలు వేసిన కాంక్రీటుకు గరిష్ఠ నిష్పత్తిని 2000 నాటి దాని సవరణ సాధారణ పరిసరాల్లో 0.55గా, తీరప్రాంతాలవంటి తీవ్ర పరిసరాల్లో 0.45గా నిర్ణయించింది. అయితే చిన్న ఇళ్ల స్లాబు పనుల్లో కంకర, ఇసుకలను తట్టల లెక్కన కొలిచినా, నీటిని మాత్రం కంటి అంచనాతో పోయడం, మాలు బిగిసిందని మళ్లీ నీరు చిలకరించడం పరిపాటి. పోసిన తరువాత తడపడం వేరే సంగతి: గట్టిపడిన స్లాబుపై మడులు కట్టి నీరు నిలిపితే లోపలి తేమ ఆవిరి కాకుండా జలయోజనం కొనసాగుతుంది. అదే ప్రమాణం ప్రకారం సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు, పొడి వేడి వాతావరణంలో కనీసం 10 రోజులు తడిగా ఉంచాలి.

నీరు తగ్గిస్తే పోత కష్టమవుతుందన్న చిక్కును 1960లలో జపాన్, పశ్చిమ జర్మనీలలో రూపొందిన సూపర్ ప్లాస్టిసైజర్లు చాలావరకు తీర్చాయి. ఈ రసాయనాలు గుంపుగా చేరిన సిమెంటు రేణువులను విడదీసి, తక్కువ నీటితోనే మిశ్రమం సాఫీగా పారేటట్లు చేయడంతో, 0.40 కంటే తక్కువ నిష్పత్తితో ఎత్తైన భవనాలకూ వంతెనలకూ అధిక బలం గల కాంక్రీటును పోయడం సాధ్యమైంది.