పుట్టుకే నేరమైన కాలంలో స్వేచ్ఛ ఎవరిది?

 పోస్టు కొంచెం పొడుగుంది. ఓపికతో చివరిదాకా చదవండి.

గ్రూప్స్‌కో డీఎస్సీకో చదివేటప్పుడు లాక్, రూసో, మాంటెస్క్యూ పేర్లు మనకు బిట్లుగా తగులుతాయి. ఏ పుస్తకం ఎవరు రాసినారు, ఏ సంవత్సరం, అంతే. మార్కు పడుతుంది, మర్చిపోతాం. కానీ ఆ పుస్తకాల్లోని ఆలోచనలు మన యాడికి, తాడిపత్రి, గుత్తి నేల మీదికి కూడా వచ్చినాయి. మన తాతముత్తాతల బతుకులను మార్చినాయి. ఆ సంగతి బిట్‌బ్యాంకులో ఉండదు గాబట్టి మేం రాస్తున్నాం.

ముందు ఆ ఆలోచనలు ఏమిటో చూద్దాం. 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దంలో యూరప్‌లో నడిచిన కాలాన్ని జ్ఞానోదయ యుగం అంటారు. ప్రభుత్వం ప్రజల సమ్మతి మీద నిలబడాలని, పుట్టినప్పుడు మనిషి మనసు రాయని పలక లాంటిదని లాక్ 1689లో చెప్పినాడు. అధికారం అంతా ఒకే చేతిలో ఉంటే స్వేచ్ఛ ఉండదని మాంటెస్క్యూ 1748లో రాసినాడు. మనిషి చెడ్డవాడిగా పుట్టడు, సమాజమే చెడగొడుతుంది, కాబట్టి పిల్లల చదువు మారాలని 1762లో రూసో వాదించినాడు. శిక్ష చేసిన పనికే వేయాలి, రుజువయ్యేదాకా ఎవరినీ దోషి అనగూడదని 1764లో ఇటలీవాడు బెకారియా రాసినాడు. సొంత బుద్ధితో ఆలోచించే ధైర్యమే జ్ఞానోదయమని 1784లో కాంట్ తేల్చినాడు. అన్నీ కలిపి చూస్తే ఒక్కటే మాట: పుట్టుకను బట్టి మనిషిని తూచగూడదు.

సేవాలాల్ మహరాజ్ మన గుత్తి దగ్గరే 1739లో పుట్టినారని మనం జయంతి చేసుకుంటాం గదా. అంటే ఆయన కాలమూ, రూసో కాలమూ ఒకటే. అప్పటికి మన లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగేవాళ్లు. ఎరుకలవాళ్లు కూడా ఉప్పు, ధాన్యం, బుట్టలు ఊరూరా అమ్మేవాళ్లు. 1791-92లో టిప్పు మీదికి పోయిన కార్న్‌వాలిస్ సైన్యానికి తిండిగింజలు అందించింది లంబాడీల ఎద్దులే. అప్పుడు మనం తెల్లోళ్లకు నేరస్థులం కాదు, కావలసినవాళ్లం.

1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చేసినాడు. కలెక్టరుగా థామస్ మన్రో వచ్చి 1807 దాకా అనంతపురం కేంద్రంగా పనిచేసినాడు. పాలెగాళ్లను అణచి, రైతుతో నేరుగా లెక్క చూసుకునే రైత్వారీ పెట్టినాడు. జనం ఆయన్ని ఎంత అభిమానించినారంటే, సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే మొదట గుత్తిలోనే సమాధి చేసినారు. అయితే రైత్వారీ లెక్కలో మనిషంటే ఒకచోట ఉండి, దున్ని, శిస్తు కట్టేవాడే. ఎద్దులతో తిరిగేవాళ్లకు ఆ పుస్తకంలో గడి లేదు. మన చేతికి పట్టా ఆలస్యంగా రావడానికి ఒక వేరు అక్కడుంది.

మన్రో గవర్నరు అయినాక 1822లో రాష్ట్రమంతా బళ్ల లెక్క తీయించినాడు. 1826 నాటికి తేలింది 12,498 బళ్లు, 1,88,650 మంది పిల్లలు. మన అనంతపురం అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉండేది. 9,27,857 మంది జనానికి 533 బళ్లు, 6,641 మంది పిల్లలు అని బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో రాసినాడు. వెయ్యిమందిలో దాదాపు ఏడుగురే. ఆడపిల్లలు అరవై మంది. జనం పేదరికంలో పడటమే బళ్లు తగ్గడానికి కారణమని కూడా ఆ కలెక్టరే ఒప్పుకున్నాడు.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. భారతీయులను గౌరవమైన పదవుల నుంచి దూరం పెడితే వాళ్ల గుణమే దిగజారుతుందని 1824లో మన్రో స్వయంగా రాసినాడు. అంటే గుణం రక్తంలో ఉండదు, పాలన బట్టి మారుతుందని. ఇది జ్ఞానోదయ యుగపు మాటే.

మరి 47 ఏళ్ల తర్వాత ఏం జరిగింది? 1871లో మద్రాసు నుంచి తాడిపత్రి, గుత్తి మీదుగా రైలుదారి రాయచూరు దాకా పూర్తయింది. ఎద్దుల వ్యాపారం పడిపోయింది. అదే ఏడాది క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. నేతపని, వడ్రంగం వంశంలో వచ్చినట్టే నేరమూ వంశంలో వస్తుందని ఆ బిల్లు చర్చలో వాదించినారు. నేతగాడి కొడుకు ఇంజనీరు కావడం మనం యాడికిలో చూస్తానే ఉన్నాం!

1911లో ఆ చట్టాన్ని మద్రాసు రాష్ట్రానికి తెచ్చినారు. ఎరుకలవాళ్లు మొదటి వరసలో పడినారు. సుగాలీ, యానాది గుంపుల్లో కొన్నిటినీ చేర్చినారు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటితే పాసు. ఈ ముద్ర తప్పని కోర్టులో అడగడానికి కూడా వీల్లేదు. 1913 ప్రాంతంలో స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వచ్చింది. తల్లిదండ్రుల నుంచి పిల్లలను విడదీసి వేరే బళ్లో పెట్టే అధికారం కూడా చట్టంలో ఉంది. ఇప్పుడు పై పేర్లు ఒక్కొక్కటే తలుచుకోండి. బెకారియా చెప్పింది ఏమైంది? మాంటెస్క్యూ? రూసో?

చదివినోళ్లే ఎందుకిట్లా చేసినారు? ఎందుకంటే స్వేచ్ఛ అనే మాట పక్కనే వాళ్లు ఒక గీత గీసుకున్నారు. కంపెనీ ఆఫీసులో 35 ఏళ్లు ఉద్యోగం చేసిన జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో స్వేచ్ఛ మీద పుస్తకం రాసి, వెనకబడిన సమాజాలకు ఇది వర్తించదన్నాడు. లాక్ బానిస వ్యాపారం చేసే కంపెనీలో వాటాలు పెట్టినాడు. రూసో చదువు మగపిల్లోడికే. ఆడపిల్లను మొగుణ్ణి మెప్పించేలా పెంచమన్నాడు. 1792లో మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ అనే ఆమె దాన్ని గట్టిగా నిలదీసింది.

అట్లని ఆ పుస్తకాలను పారేయమని మేం అనడంలేదు. గీత బయట నిలబడినవాళ్లే ఆ మాటలను నిజం చేసినారు. 1791లో హైతీ బానిసలు తిరగబడి 1804లో స్వతంత్ర దేశం తెచ్చుకున్నారు. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా, ఆదివాసులకు ప్రజాస్వామ్యం మీరు నేర్పడం కాదు, మా దగ్గర మీరే నేర్చుకోవాలని చెప్పినాడు. 1947లో మద్రాసులో, 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. 1956లో ఆంధ్ర ప్రాంత సుగాలీ, ఎరుకల, యానాదులు ఎస్టీ జాబితాలోకి వచ్చినారు. జైలు మాన్యువళ్లలో కులం చూసి పని ఇవ్వడం, విముక్త జాతులను పుట్టు నేరస్థుల్లా చూడటం రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది మాత్రం 2024 అక్టోబరులో. అంటే చట్టం పోయిన 72 ఏళ్లకు! కాగితం మీద పోయినా జనం చూపులో అది ఇంకా ఉంది. ఊర్లో ఏదన్నా పోతే ముందు ఎవరి ఇంటికి వస్తారో మీకు తెలుసు.

ఇంకొక మాట, మనల్ని మనమే అడగాల్సింది. తండాలో నాయక్, కారబారి, పెద్దమనుషులు కూర్చుని అందరి మాటా విని పంచాయితీ తీర్చడం మన గొప్ప. మరి ఆ కూటంలో మన అమ్మలు, అక్కలు ఎందుకు కూర్చోరు? పదో తరగతి కాగానే చెల్లెలి చదువు ఆపితే, రూసో గీసిన గీతనే మనమూ గీసినట్టు గదా? పుట్టుకను చూసి తూచగూడదని లోకాన్ని అడిగేవాళ్లం, ఆ మాట ఇంట్లో తప్పితే మన నోటికి బలం ఉండదు.

కాబట్టి ఈసారి ఆ బిట్లు చదివేటప్పుడు పక్కన ఇంకో ప్రశ్న రాసుకోండి: ఈ మాట ఎవరికి వర్తించింది, ఎవరిని బయట పెట్టింది? మీ ఇంట్లో ముసలివాళ్లకు హాజరు, వేలిముద్రల రోజులు గుర్తుంటే, లేదా వాళ్ల పెద్దలు చెప్పింది గుర్తుంటే, అడిగి రాసుకోండి, ఫోన్లో రికార్డు చేసుకోండి. వాళ్లు పోతే ఆ చరిత్ర పోలీసు రిజిస్టర్లలో మాత్రమే మిగులుతుంది. అది వాళ్లు రాసింది. మనది మనమే రాసుకోవాల.

జై సేవాలాల్. జై ఏకలవ్య. జై భీమ్.