వంటింట్లోంచి విన్న సీరియల్

నేను సీరియల్ చూసేదానికంటే వినేదే ఎక్కువ. టీవీ హాల్లో, నేను పొయ్యి దగ్గర. అయినా తెర మీదికి ఎవరొచ్చారో చెప్పేస్తాను. పట్టీల చప్పుడు, వెనకాల సన్నగా వేణువు ఉంటే కోడలు. హైహీల్స్ టకటకలాడి, గుండె దడ పుట్టించే మోత వస్తే ఆడ విలన్. డప్పులూ కోరస్సూ గర్జిస్తే హీరోగారు. ఆవిడ ఇంకా నోరు తెరవనే లేదు, మంచిదో చెడ్డదో తీర్పు మన చెవిలో పడిపోతుంది. మీరూ గమనించే ఉంటారు.

అసలు ఈ రకం కథలు పుట్టిందే పనిలో ఉన్న ఆడవాళ్ళ చెవుల కోసం. 1930లో చికాగో రేడియోకి ఇర్నా ఫిలిప్స్ అనే ఆవిడ 'పెయింటెడ్ డ్రీమ్స్' రాసింది. 1933లో 'మా పెర్కిన్స్' మొదలైంది. దానికి డబ్బు పెట్టింది ఆక్సిడాల్ సబ్బుపొడి కంపెనీ. సోప్ ఆపెరా అన్న పేరు ఇలాంటి సబ్బుల వల్లే వచ్చింది. గిన్నెలు తోముకునే ఇల్లాలికి ఎక్కడ ఏడవాలో, ఎక్కడ ఉలిక్కిపడాలో ఆర్గాన్ వాయించి చెప్పేవారు.

మా అనంతపురం పల్లెల్లోనూ చేతికి పని, చెవికి రేడియో. విత్తనం శెనక్కాయలు చేత్తోనే వలవాలి, లేకపోతే గింజ దెబ్బతింటుంది. వాన కోసం మబ్బు చూసే రోజుల్లో మా అవ్వా, చుట్టుపక్కల ఆడవాళ్ళూ చేటలు ముందేసుకుని వలుస్తూ నాటకాలు వినేవాళ్ళు. శారదా శ్రీనివాసన్ గారి గొంతు వస్తే చేతులు ఆగిపోయేవి. కోపం, వెటకారం, జాలి, ఆశ అన్నీ ఆ ఒక్క గొంతులోనే. బొమ్మ లేదు కదా, ఆడమనిషి మనసంతా గొంతే మోయాలి.

టీవీలో ముఖం కనిపించింది, గొంతు తగ్గింది. దూరదర్శన్‌లో మంజులా నాయుడు 'ఋతురాగాలు' వచ్చేనాటికి ఇంకా మాటకి చోటుంది. 2000లో హిందీలో 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' మొదలయ్యాక ఆ ఒరవడి మనకీ అంటుకుంది. అత్త ఒక మాట అంటే చాలు, కెమెరా ఒక్కో ముఖం మీదికి దూకుతుంది, దూకినప్పుడల్లా ఉరుము. 2017లో 'కార్తీకదీపం' వచ్చింది. నల్లపిల్లని చిన్నచూపు చూడొద్దని చెప్పిన కథ, అందుకు నాకిష్టమే. కానీ చెవి దగ్గరికొచ్చేసరికి పాత పద్ధతే. దీపకి విషాదరాగం, మోనితకి భయపెట్టే మోత.

పైగా ఆ గొంతులు చాలావరకు అరువువి. దీపగా చేసిన ప్రేమీ విశ్వనాథ్‌ది కేరళ. మలయాళ మాతృక 'కరుత్తముత్తు'లోనూ ఆమే నాయిక. ఇంకెందరో హీరోయిన్లు బెంగుళూరు నుంచి వస్తారు, మాటలు వేరేవాళ్ళు చెబుతారు. డబ్బింగ్ తప్పని కాదు. విజయశాంతికి సరిత చెప్పిన ఆ గంభీరమైన గొంతు ఎంత బాగుండేది! ఇప్పుడు అలాంటి గొంతు అత్తలకీ విలన్లకీ పోయింది. నాయికకి మిగిలింది సన్నటి, తడి గొంతు.

ఇక మా యాస. 'ప్రేమించుకుందాం రా' (1997), 'సమరసింహారెడ్డి' (1999) నుంచీ అది మీసం తిప్పే మగవాళ్ళ సొత్తయిపోయింది. జయప్రకాష్ రెడ్డి గారు ఎంత బాగా పలికారో అందరికీ తెలుసు. కానీ మా యాసలో ప్రేమించే, చదువుకునే, లెక్కలు అడిగే ఆడపిల్ల సీరియల్‌కి నాయిక కావడం నేనైతే వినలేదు.

మా ఆడబిడ్డ కూతురు టీచరు. దానిది గట్టి గొంతు. పోయిన ఏడాది పెళ్ళిచూపుల్లో అబ్బాయి తల్లి నవ్వుతూనే, "అమ్మాయి గొంతు సీరియల్లో విలన్ గొంతులా ఉందే" అంది. అందరూ నవ్వారు. ఆ సంబంధం ముందుకు సాగలేదు. "అరవైమంది పిల్లోల్లకు వినబడల్ల కదత్తా!" అని నాతో అంది ఆ పిల్ల. వాళ్ళమ్మ మాత్రం అప్పట్నుంచీ మెల్లగా మాట్లాడమని సాధిస్తోంది. ఈమధ్య ఇంకో సంబంధం వాళ్ళు ఫోన్ చేశారు. అది సన్నగా, ఆగి ఆగి జవాబులు చెప్పింది. ఫోన్ పెట్టేశాక గొంతు సవరించుకుని, నీళ్ళు తాగి, పరీక్ష పేపర్లు దిద్దుకోవడానికి వెళ్ళింది.